కరువును కొలిచి బేరం చేయాలి: తడ సరిహద్దు వర్తకులకు ఒక పాఠం

తడ: కరువు అనే మాట మార్కెట్టులో పడితే అది వాన కంటే వేగంగా పాకుతుంది. ఋతుపవనాలు బలహీనంగా ఉన్నాయని వార్త రాగానే మిల్లుల వారు నిలవలు బిగిస్తారు. దళారులు పొద్దున చెప్పిన ధర మధ్యాహ్నానికి ఉండదు. ఖరీదుదారులు ఉన్న సొమ్మంతా సరుకు మీద పెట్టేస్తారు. తీరా సరుకు యార్డుకు వచ్చే నాటికి కొందరికి లాభం, ఎక్కువ మందికి వడ్డీ భారం మిగులుతుంది. కరువు వస్తుందా రాదా అన్న ఒక్క ప్రశ్నతో బేరానికి దిగడమే ఈ నష్టానికి మూలం. ఎక్కడ, ఏ నెలలో, ఏ పైరుకు, ఎన్నేళ్ళకొకసారి, ఎంత మేరకు అన్న అయిదు ప్రశ్నలు వేసుకున్న వాడికి కరువు కూడా లెక్కకు లొంగుతుంది. ఆ లెక్క కట్టే తీరును ఈ వారం వర్తక సోదరుల ముందు ఉంచుతున్నాము.

ఇందుకు తడ కంటే మంచి ఉదాహరణ దొరకదు. గూడూరు-చెన్నై రైలు మార్గం మీద, జాతీయ రహదారి మీద, ఆంధ్ర రాష్ట్రపు చివరి మజిలీ ఇది. తూర్పున పులికాటు సరస్సు, దక్షిణాన తమిళనాడు. పడమటికి కొద్ది దూరం పోతే వరదయ్యపాలెం, సత్యవేడు మండలాలు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడే వరకు తడ నెల్లూరు జిల్లాలోను, ఆ రెండు మండలాలు చిత్తూరు జిల్లాలోను ఉండేవి. కోస్తా మాగాణి ధాన్యం, రాయలసీమ మెట్ట వేరుశనగ, చిత్తూరు మామిడి, బెల్లం చెన్నైకి పోయే దారులు ఈ ప్రాంతంలోనే కలుస్తాయి. సరుకులు కలిసినట్టే ఇక్కడ రెండు రకాల వానలు కూడా కలుస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది.

రెండు వానలు, రెండు కరువులు

జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాలు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలు. నైరుతి గాలి పడమటి కనుమలు దాటి వచ్చేసరికి దాని తడి చాలా వరకు అక్కడే రాలిపోతుంది. ఈశాన్య గాలి బంగాళాఖాతం మీదుగా తేమ మోసుకొని తిన్నగా మన తీరాన్ని తాకుతుంది. వాయుగుండాలు, తుపానులు కూడా ఆ రోజుల్లోనే పడతాయి. అందుచేత పొరుగు జిల్లాలైనా ఏడాది వాన పంచుకునే తీరు వేరు.

పాత జిల్లాల సాధారణ వర్షపాతాలు చూడండి. అనంతపురానికి ఏడాదికి సుమారు 552 మిల్లీమీటర్లు. అందులో నైరుతి వాటా సుమారు 338. నెల్లూరుకు ఏడాదికి సుమారు 1,080. అందులో నైరుతి వాటా 331 మాత్రమే, ఈశాన్య వాటా 661. చిత్తూరుకు ఏడాదికి సుమారు 934. నైరుతిలో 438, ఈశాన్యంలో 396.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాము. నైరుతిలో నూటికి 60 వంతుల లోటు పడిందనుకుందాం. అనంతపురం 203 మిల్లీమీటర్లు పోగొట్టుకుంటుంది. అంటే ఏడాది వానలో నూటికి దాదాపు 37 వంతులు. అదే లోటు నెల్లూరులో పడితే పోయేది 199 మిల్లీమీటర్లు, ఏడాది వానలో నూటికి 18 వంతులే. మరి ఈశాన్యంలో అదే 60 వంతుల లోటు పడితే నెల్లూరు 397 మిల్లీమీటర్లు పోగొట్టుకుంటుంది. ఇది ఏడాది వానలో నూటికి 37 వంతులు. అంటే అనంతపురానికి నైరుతి ఎంతటిదో, తడకు ఈశాన్యం అంతటిది. చిత్తూరు రెండు కాళ్ళ మీద నడిచే జిల్లా. ఏ కాలు కుంటుపడినా నాలుగో వంతు వాన పోతుంది.

కాబట్టి ఆగస్టులో వచ్చే కరువు వార్త కదిరి వేరుశనగ వర్తకుడికి తుది తీర్పు వంటిది. సూళ్ళూరుపేట, తడ ధాన్యం వర్తకుడికి అది పొరుగింటి కబురు. అతని తీర్పు చిత్త, స్వాతి, విశాఖ కార్తెలలో వెలువడుతుంది.

దేశానికి ఒక మాట, తడకు ఒక మాట

ఇది కాగితం మీది వాదన కాదని ఇటీవలి సంవత్సరాలు రుజువు చేశాయి. 2015లో ఎల్ నినో బలంగా ఉంది. నైరుతిలో దేశం మొత్తానికి నూటికి 14 వంతుల లోటు పడింది. కరువు సంవత్సరమని అంతటా చెప్పుకున్నారు. అదే సంవత్సరం నవంబరులో నెల్లూరు, చిత్తూరు జిల్లాలలో కుండపోత వానలు పడి చెరువులు కలుజు పారాయి. చెన్నై నగరం మునిగింది. మరుసటి ఏడు 2016లో దేశానికి నైరుతి దాదాపు సాధారణం, నూటికి 97 వంతులు. పత్రికలలో కరువు మాట తగ్గింది. అయితే ఆ ఏడు ఈశాన్య ఋతుపవనాలు దక్షిణాదిలో నూటికి 62 వంతుల లోటుతో ముగిశాయి. దేశానికి కరువైన ఏడు తడకు వరద, దేశానికి కళకళలాడిన ఏడు తడకు కరువు.

దీనికి శాస్త్రజ్ఞులు చెప్పే కారణం ఉంది. పసిఫిక్ మహాసముద్రపు నీరు వేడెక్కే ఎల్ నినో, నైరుతిని తరచుగా అణచివేస్తుంది. అదే ఎల్ నినో మన తీరంలో ఈశాన్య వానలకు తరచుగా మేలు చేస్తుంది. లా నినా నాడు ఇది తారుమారయ్యే అవకాశం ఎక్కువ.

అయితే ఈ సూత్రాన్ని వేదవాక్కుగా పట్టుకొని సరుకు అమ్ముకోవడం గాని, నిలవ పెట్టడం గాని కూడదు. 2018 చివర ఎల్ నినో పొడచూపుతున్నా ఈశాన్యం నూటికి 44 వంతుల లోటు పడింది. 2021లో లా నినా ఉండగా నవంబరులో తిరుపతి, చిత్తూరు, నెల్లూరు ప్రాంతాలు వరదల పాలయ్యాయి. సముద్రపు సూచన తూకానికి ఒక వైపు వేసే రాయి మాత్రమే. తూకం పూర్తి కావాలంటే తక్కిన రాళ్ళు కూడా వేయాలి.

కొలిచే పద్ధతి

మొదటి కొలత వర్షపు లోటు. కురిసిన వాన నుంచి సాధారణ వానను తీసివేసి, వచ్చిన దానిని సాధారణంతో భాగించి నూటితో హెచ్చించాలి. వాతావరణ శాఖ వారి లెక్కలో ఇటు అటు 19 వంతుల వరకు సాధారణమే. 20 నుంచి 59 వంతుల వరకు తక్కువ ఉంటే లోటు. 60 దాటితే తీవ్రమైన లోటు. ఋతువు మొత్తం మీద 25 వంతులకు మించి తగ్గితే దానిని కరువుగా పరిగణిస్తారు. 50 మించితే తీవ్ర కరువు.

రెండవ కొలత బెట్ట. ఋతువు మొత్తం సాధారణంగా కనిపించినా నడుమ మూడు నాలుగు వారాలు వరుసగా, సాధారణంలో సగం కూడా పడకపోతే పైరు దెబ్బ తింటుంది. మొత్తం అంకెలు చూసి మోసపోయేది ఇక్కడే. వేడెక్కిన గాలి ఒక్కొక్క డిగ్రీకి నూటికి సుమారు 7 వంతులు అధికంగా తేమ పట్టుకోగలదు. అందుచేత వాన పడినపుడు ఒక్కుమ్మడిగా పడి, నడుమ ఎండ కాసే తీరు పెరిగే అవకాశముంది. నాలుగు రోజుల్లో 300 మిల్లీమీటర్లు పడి సముద్రం పాలైతే పుస్తకంలో లోటు తీరుతుంది, పొలంలో తీరదు.

మూడవ కొలత ప్రామాణిక వర్ష సూచిక. 1993లో అమెరికాలోని కొలరాడో శాస్త్రజ్ఞులు దీనిని రూపొందించారు. ప్రపంచ వాతావరణ సంస్థ అన్ని దేశాలకూ సిఫారసు చేసింది. ఇందులో కిటుకు సులభం. ఒక చోట వాన సహజంగా ఏటేటా ఎంత ఊగిసలాడుతుందో ముందు చూస్తారు. ఈ ఏటి లోటు ఆ ఊగిసలాటకు ఎన్ని రెట్లో చెబుతారు. సున్నా అయితే మామూలు. మైనస్ 1 దాటితే ఒక మోస్తరు కరువు, మైనస్ 1.5 దాటితే తీవ్రం, మైనస్ 2 దాటితే అతి తీవ్రం. ఏటా ఒకే తీరున వాన పడే చోట 30 వంతుల లోటు పెద్ద దెబ్బ. ఎప్పుడూ ఎగుడుదిగుడుగా పడే చోట అదే 30 వంతులు రైతుకు అలవాటైన సంగతి. రెండు చోట్లను ఒకే గజంతో కొలవకుండా ఈ సూచిక కాపాడుతుంది.

నాలుగవ కొలత నీరు. చెరువులలో ఎన్ని అడుగుల నీరుంది, కలుజు పారిందా, బావుల మట్టం ఎంత లోతుకు పోయింది, కాలువకు నీరు వదిలే తేదీ ప్రకటించారా. వాన తక్కువైనా నిండిన చెరువు ఒక పైరును గట్టెక్కిస్తుంది. వాన బాగున్నా పూడిన చెరువు సంక్రాంతికే ఎండుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2016లో సవరించిన కరువు నిర్వహణ నియమావళి కూడా ఇదే వరుసలో నడుస్తుంది. ముందు వాన లోటు, బెట్ట చూస్తారు. ఆ తరువాత నాటిన విస్తీర్ణం, ఉపగ్రహం చూపే పచ్చదనం, నేల తేమ, భూగర్భ జలం చూస్తారు. చివరకు కొన్ని గ్రామాల పొలాలను తనిఖీ చేసి కరువు ప్రకటిస్తారు. ఈ తతంగం ముగిసేసరికి పంట చేతికి వచ్చే వేళవుతుంది. కరువు మండలాల జాబితా సహాయానికి ఆధారం. వర్తకుడు ఆ జాబితా కోసం కాచుకుంటే ఆలస్యమైనట్టే.

ఒక హెచ్చరిక చేయవలసి ఉంది. కొత్త తిరుపతి జిల్లా సగటును చూసి తడ సంగతి తేల్చకూడదు. ఆ జిల్లాలో సముద్రపు ఒడ్డున్న మండలాలు, శేషాచలం కొండ కింది మండలాలు కలిసి ఉన్నాయి. రాష్ట్ర ప్రణాళికా సంఘం వారి స్వయంచాలిత వర్షమాపకాల అంకెలు మండలాల వారీగా లభిస్తాయి. పాత ఏళ్ళ అంకెలకు నెల్లూరు, చిత్తూరు జిల్లాల గణాంక పుస్తకాలు చూడాలి.

ముప్పు వేరు, నష్టం వేరు

వాన తగ్గడం ముప్పు. ఆ ముప్పుకు ఎంత పైరు, ఎంత సొమ్ము ఎదురు నిలిచి ఉన్నదన్నది రెండవ సంగతి. దెబ్బ తిన్న వాడు తట్టుకోగలడా లేడా అన్నది మూడవది. ఈ మూడూ కలిస్తేనే నష్టం.

ఒకే వాన పడిన రెండు ఊళ్ళు తీసుకుందాం. ఒక ఊరిలో చెరువు కింద వరి తప్ప మరొకటి లేదు; బోర్లు తీరానికి దగ్గరగా ఉండి లోతుకు పోతే ఉప్పు నీరు తగులుతుంది. రెండవ ఊరిలో సగం వరి, సగం సరుగుడు, మామిడి. ఇంటికొక పాడి పశువు. పారిశ్రామిక వాడలో కూలికి పోయే యువకులు. లోటు ఒకటే అయినా మొదటి ఊరి రైతు అప్పు తీర్చలేడు; రెండవ ఊరి రైతు కొంత ఆలస్యంగానైనా తీరుస్తాడు. ఊరి పేరు విని వాన అడగడం అందరూ చేస్తారు. ఊరి ఆదాయాలు ఎన్ని, నీటి ఆధారాలు ఎన్ని అని అడిగే వాడికి తన సొమ్ము ఎక్కడ ఇరుక్కుంటుందో ముందే తెలుస్తుంది.

సరుకు వారీగా చూడవలసినవి

ధాన్యం: నెల్లూరు తీరంలో అక్టోబరు, నవంబరు నెలల్లో నారు పోసి నాట్లు వేసిన పైరు ఫిబ్రవరి, మార్చిలలో కోతకు వస్తుంది. కాలువ నీరు గాని, చెరువు నీరు గాని మిగిలితేనే వేసవిలో ఎడగారు పైరు. అందుచేత ఈశాన్యం తప్పితే వరుసగా రెండు పైర్లకు గండి. ఇక్కడి వర్తకులు 850 కిలోల పుట్టి లెక్కన బేరం చేసేటపుడు బరువుతో పాటు నాణ్యం కూడా చూడాలి. పాలు పోసుకునే దశలో నీరందని పైరుకు తాలు అధికం. మర పట్టితే నూక పెరుగుతుంది. తడి కోతలైతే ఇబ్బంది మరో రకం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తిరుపతి, నెల్లూరు జిల్లాలను ముంచెత్తింది. ఆగస్టులో కరువు భయంతోను, డిసెంబరులో వరద భయంతోను ఒకే ఏడు రెండు సార్లు లెక్క మార్చుకోవలసి వచ్చింది.

వేరుశనగ: మెట్ట వేరుశనగ జూన్ నడుమ నుంచి జూలై ఆఖరు లోపల పదునుకు విత్తుతారు. సుమారు 40 రోజులకు ఊడలు దిగుతాయి. ఆ తరువాత కాయ ఊరుతుంది. ఊడ నేలలోకి దిగాలంటే పైమన్ను మెత్తగా తడిసి ఉండాలి. జూలైలో విత్తిన పైరుకు ఆ వేళ ఆగస్టులో వస్తుంది. 2023 ఆగస్టు దేశంలో 1901 తరువాత అతి తక్కువ వాన పడిన ఆగస్టుగా నమోదైంది. అందుకే వేరుశనగకు ఋతువు మొత్తం అంకె కంటే ఆగస్టు అంకె ముఖ్యం. కోతకు ముందు మూడు నాలుగు వారాలు బెట్ట పడితే మరొక కీడు ఉంది. గింజకు బూజు సోకి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. ఎగుమతి సరుకుగా కొన్న బస్తాలు పరీక్షలో తప్పితే నూనె మిల్లు ధరకు దించుకోవాలి. కరువు ఏట సరుకు తక్కువ కనుక ధర తప్పక పలుకుతుందని నమ్మిన వారు, పప్పు దిగుబడిని, ఈ పరీక్షను మరచిపోరాదు.

మామిడి: చిత్తూరు తోతాపురి పూతకు శీతాకాలంలో కొంత ఆరుదల కావాలి. డిసెంబరు చివరి దాకా వాన వదలకుంటే పూత ఆలస్యం. అందుచేత ఈశాన్యపు లోటు వరికి పెట్టినంత కీడు మామిడికి పెట్టదు. నేల లోతున తేమ బొత్తిగా లేకుంటే మాత్రం పిందె రాలుతుంది.

చేప, రొయ్య, ఉప్పు: పులికాటుకు కాళంగి, ఆరణి వంటి ఏర్లు మంచినీరు తెస్తాయి. ఆ నీరు రాని ఏడు సరస్సులో ఉప్పదనం పెరుగుతుంది, లోతు తక్కువ భాగాలు తొందరగా ఎండుతాయి, పట్టుబడి తగ్గుతుంది. ఉప్పు మడుల వారికి మాత్రం అదే పొడి కాలం అనుకూలం. ఒకే కరువు ఒకే తీరంలో ఒకరికి మందీ, ఒకరికి తేజీ.

ఎండుగడ్డి: ఇది సరుకు మాత్రమే కాదు, గుర్తు కూడా. పడమటి మండలాల నుంచి గడ్డి కోసం లారీలు ఈ వైపు రావడం మొదలైతే అక్కడ పశువుల మేత అయిపోయిందన్న మాట. ప్రకటనల కంటే ముందు ఈ లారీలు వస్తాయి.

బయానా ఎంత ఇవ్వాలి?

ఇక అసలు లెక్క. ఈ అంకెలు పాఠం కోసం అనుకున్నవని గమనించగలరు.

ఒక వర్తకుడు అక్టోబరులో పది గ్రామాల రైతులకు 10 లక్షల రూపాయలు ముందస్తుగా ఇచ్చాడు. మంచి ఏడు ఖర్చులు పోగా నూటికి ఎనిమిది, అంటే 80 వేలు మిగులుతుంది. కరువు ఏట ఆ 80 వేలు రాకపోగా, అసలులో నాలుగో వంతు, రెండున్నర లక్షలు మునుగుతుంది.

కరువు అయిదేళ్ళకొకసారి వస్తే, నాలుగు మంచి ఏళ్ళ లాభం 3 లక్షల 20 వేలు. అందులో నుంచి రెండున్నర లక్షలు పోగా 70 వేలు మిగులుతుంది. అయిదేళ్ళ కష్టానికి ఏడాదికి 14 వేలు. కరువు నాలుగేళ్ళకొకసారి వస్తే, మూడు మంచి ఏళ్ళ లాభం 2 లక్షల 40 వేలు. నష్టం రెండున్నర లక్షలు. చేతి నుంచి 10 వేలు పోయినట్టు. అయిదుకు, నాలుగుకు ఉన్న తేడా చిన్నదిగా తోస్తుంది. వ్యాపారం నిలుస్తుందా కూలుతుందా అన్నది ఆ తేడాలోనే ఉంది.

ఈ తేడా తెలుసుకోవడానికి జోస్యం అక్కరలేదు. మీ మండలపు అక్టోబరు-డిసెంబరు వర్షపాతం 30 ఏళ్ళది ఒక కాగితం మీద రాయండి. సాధారణం కంటే 25 వంతులకు మించి తగ్గిన ఏళ్ళకు సున్న చుట్టండి. సున్నలు ఆరైతే అయిదేళ్ళకొకసారి. ఏడు, ఎనిమిదైతే నాలుగేళ్ళకొకసారికి దగ్గర. వరుసగా రెండేళ్ళు సున్నలు పడ్డాయా అన్నది కూడా చూడండి. ఒక కరువు రైతు పొదుపును తింటుంది. రెండవది అతని ఎద్దులను, నగలను, మన బాకీని తింటుంది.

అదే 10 లక్షలను సగం చెరువు కింది గ్రామాలకు, సగం నమ్మకమైన కాలువ గాని, మంచి బోర్లు గాని ఉన్న గ్రామాలకు పంచితే, కరువు ఏట మునిగేది సగానికి, అంటే లక్షా పాతిక వేలకు తగ్గిందనుకుందాం. అపుడు నాలుగేళ్ళకొకసారి కరువు వచ్చినా 2 లక్షల 40 వేల నుంచి లక్షా పాతిక వేలు పోగా, లక్షా 15 వేలు మిగులుతుంది. వాన మారలేదు, ధర మారలేదు. సొమ్ము పంచిన తీరు మారింది.

ఉత్తర్వుల ముప్పు

కరువు కాలంలో ఆకాశంతో పాటు ఢిల్లీ వైపు కూడా చూడాలి. నిత్యావసర సరుకుల చట్టం 1955 నాటిది. 2023 జూన్‌లో కంది, మినుము నిలవలపైన, ఆ తరువాత గోధుమలపైన పరిమితి విధించారు. అదే ఏడు జూలై 20న బాస్మతేతర తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించారు; ఆగస్టు 25న ఉప్పుడు బియ్యంపై నూటికి 20 సుంకం వేశారు. తెల్ల బియ్యం నిషేధం 2024 సెప్టెంబరు 28న గాని తొలగలేదు. కరువు మీద పందెం కాసి నిలవ పెట్టిన సరుకుకు, ధర పెరిగిన నాడే ఉత్తర్వు అడ్డు పడుతుంది. కాబట్టి నిలవకు వడ్డీ, గోదాము అద్దె, తరుగు లెక్క కట్టిన పిమ్మట, ఈ ముప్పుకు కూడా కొంత తీసి పక్కన పెట్టాలి.

చెన్నై గిరాకీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2018 ఈశాన్యం తప్పిన ఫలితం 2019 వేసవిలో ఆ నగరంలో కనిపించింది. పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ దాదాపు అడుగంటాయి. జూలైలో జోలార్‌పేట నుంచి రైళ్ళలో నీరు తెచ్చారు. 1983 ఒప్పందం మేరకు తెలుగుగంగ కాలువ ద్వారా సరిహద్దు వద్ద 12 టీఎంసీల కృష్ణా నీరు ఇవ్వవలసి ఉన్నా, ఎగువ జలాశయాలలో నీరుంటేనే ఆ కాలువ పారుతుంది. మన సరుకు కొనే నగరమూ, మన పొలమూ ఒకే వాన మీద ఆధారపడి ఉన్నాయి. సరుకు తగ్గిన ఏడే కొనే వాడూ ఇబ్బందిలో ఉండవచ్చు.

ఊరు తట్టుకుంటేనే బేరం

1876-78 నాటి మహా క్షామంలో మద్రాసు రాజధాని లక్షల ప్రాణాలను పోగొట్టుకుంది. నాడు రైళ్ళున్నాయి, ఓడరేవులున్నాయి, ధాన్యం కదలికా ఉంది. కొనే శక్తి జనానికి లేకపోయింది. పులికాటు మీదుగా పోయే బకింగ్‌హాం కాలువకు మద్రాసు నగరంలోని కూవం, అడయారు నదులను కలిపే భాగం ఆ క్షామపు కూలి పనిగా తవ్విందే. ధర ఎంత పెరిగినా కొనేవాడు లేని చోట వ్యాపారం ఉండదని ఆ కాలువ నేటికీ గుర్తు చేస్తుంది. అందుచేత ఊరిని కరువుకు సిద్ధం చేయడం ధర్మమే కాక, వర్తకుడికి స్వంత పని కూడా.

అందులో చేతనైనవి కొన్ని. చెరువు పూడిక తీత, తూముల మరమ్మతు ఎండాకాలంలోనే జరగాలి; వర్తక సంఘాలు ఇందుకు చేయూత ఇస్తే అది ముందస్తు సొమ్ముకు బీమా వంటిది. వాన ఆలస్యమైతే వేయవలసిన స్వల్పకాలిక వరి, రాగి, కొర్ర, మినుము, పెసర విత్తనాలు ఏ గోదాములో ఎన్ని బస్తాలున్నాయో సెప్టెంబరు లోపలే తెలిసి ఉండాలి. హైదరాబాదులోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ జిల్లాల వారీగా ప్రత్యామ్నాయ పంటల ప్రణాళికలు తయారు చేసింది. తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానం బెట్టను తట్టుకొనే వేరుశనగ రకాలను ఇచ్చింది. 2007 చట్టం కింద నమోదైన గిడ్డంగులలో సరుకు ఉంచితే ఆ రశీదు మీద బ్యాంకు అప్పు దొరుకుతుంది. రైతు కోత నాడే తెగనమ్ముకోనక్కరలేదు, వర్తకుడు స్వంత సొమ్మంతా ఇరికించుకోనక్కరలేదు. పంటల బీమా ఉన్న రైతుకూ లేని రైతుకూ ముందస్తు ఒకే షరతుల మీద ఇవ్వడం మంచిది కాదు. కరువు ఏట బాకీని మరుసటి పైరుకు మళ్ళించే మాట ముందే కాగితం మీద ఉంటే, రైతు మొహం చాటేయడు.

నెలవారీ జాగ్రత్తలు

జూన్, జూలై: పడమటి మండలాలలో వేరుశనగ విత్తిన ఎకరాలు అడగండి. తడ ధాన్యం గురించి తేల్చుకోవడానికి తొందర పడవద్దు.

ఆగస్టు: వేరుశనగకు వారం వారం వాన రాసుకోండి. మూడు వారాల బెట్ట కనిపిస్తే దిగుబడితో పాటు నాణ్యం లెక్క కూడా మార్చండి.

సెప్టెంబరు: చెరువులలో మిగులు నీరు, గిడ్డంగులలో మిగులు ధాన్యం ఒకే కాగితం మీద రాయండి. 30 ఏళ్ళ పట్టిక సిద్ధం చేసుకోండి.

అక్టోబరు: ఈశాన్య ఋతుపవనాలపై వాతావరణ శాఖ వారి అంచనా చూడండి. అది దక్షిణాదికి అంతటికీ కలిపి ఇచ్చేదని మరువరాదు. ముందస్తు సొమ్ము ఒకేసారి ఇవ్వక మూడు వాయిదాలు చేయండి.

నవంబరు: స్వాతి, విశాఖలు దాటేసరికి లోటు 40 వంతులు మించితే మూడవ వాయిదా ఆపి, రైతుతో కూర్చొని మాట్లాడండి. చెరువు నిండితే వెనుకాడవద్దు.

డిసెంబరు, జనవరి: తుపాను భయం తీరే దాకా తడి ధాన్యం బేరం ఖాయం చేయవద్దు. ఎడగారుకు నీరుందా లేదా అన్నది ఇప్పుడే తేలుతుంది.

ఉగాది నాడు పంచాంగంలో ఈ ఏటి మేఘాధిపతి ఎవరో విని సంతోషించడంలో తప్పు లేదు. బేరానికి మాత్రం మండలపు వర్షమాపకం, చెరువు గట్టు, 30 ఏళ్ళ పట్టిక ఈ మూడూ చూసి పోవాలి. అవి మూడూ ఒకే మాట చెప్పిన ఏడు ధైర్యంగా కొనవచ్చు, అమ్మవచ్చు. వేర్వేరుగా చెప్పిన ఏడు తక్కువ సరుకుతో, ఎక్కువ ఊళ్ళతో వ్యాపారం సాగించడం క్షేమం.